ఆ నీలం గీత కాలువ కాదు: మ్యాప్‌లో రంగుల్ని డీఫాల్ట్‌కి వదిలేయొద్దు

ఈ పేజీల్లో మీరు ఎక్కువగా ఫోన్ల గురించి, చిప్‌సెట్ల గురించి చదువుతుంటారు. ఈసారి నేను రాసేది ఒక బోరు గురించి. ట్యాబ్ క్లోజ్ చేయకండి, చివరికి ఫోన్ దగ్గరికే వస్తాను.

మాది కడప జిల్లా వేంపల్లె. బీటెక్ అయ్యాక బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నాను. ఊళ్లో మాకు కొంచెం చీనీ తోట ఉంది. పోయిన ఎండాకాలం ఉన్న ఒక్క బోరూ గుటకలేయడం మొదలుపెట్టింది. పది నిమిషాలు నీళ్లు, అరగంట గాలి. చీనీ చెట్టు ఎండితే మళ్లీ నాటి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. నాయన కొత్త బోరు వేయిద్దామన్నాడు. మా వైపు బోరు పాయింట్ పెట్టడానికి కొబ్బరికాయ పట్టుకుని నడిచేవాళ్లుంటారు, వేప పుల్ల పట్టుకునేవాళ్లుంటారు, మెషీన్‌తో సర్వే చేసేవాళ్లూ ఉంటారు. వీళ్లందరి కంటే నేనే గొప్పగా చేస్తాననుకున్నాను. పైథాన్ వచ్చు, డేటా ఉంటే చాలు కదా!

చుట్టుపక్కల చేన్లలో తిరిగి 28 బోర్ల వివరాలు రాసుకున్నాను. ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి, ఎన్ని ఇంచులు పడ్డాయి, ఫోన్‌లో జీపీఎస్ లొకేషన్. రెండు శనివారాలు పట్టింది. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో ఒక కాంటూర్ ప్లాట్, ఒక త్రీడీ సర్ఫేస్ ప్లాట్ గీశాను. కలర్‌మ్యాప్‌గా కాలేజీ ల్యాబ్‌లో అలవాటైన జెట్ పెట్టాను. నీలంతో మొదలై, లేత నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ మీదుగా ఎరుపు దాకా వెళ్లే ఇంద్రధనుస్సు అది. ఇమేజ్ ఫోన్‌లోకి పంపుకుని నాయనకు చూపించాను. అమోలెడ్ స్క్రీన్, వివిడ్ మోడ్. ఒక్క మాటలో, అదిరిపోయింది.

నాయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. మా చేను మీదుగా ఒక లేత నీలం చార పోతోంది. ముదురు నీలానికీ, లేత ఆకుపచ్చకీ మధ్యలో, గీసినట్టు మెరుస్తోంది.

"ఈడ చూడు, జల పోతాంది కాలువ మాదిరి," అన్నాడు.

నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే కనిపించింది.

బోరు బండి వచ్చింది. సరిగ్గా ఆ చార మీదే పాయింట్ పెట్టాం. 720 అడుగుల దాకా దించారు. తెల్లటి దుమ్ము తప్ప తడి కూడా రాలేదు. ఆ ఒక్క రాత్రిలో పోయిన డబ్బుతో మీరు ఈ సైట్‌లో చూసే ఏ ఫ్లాగ్‌షిప్ ఫోన్ అయినా కొనొచ్చు, ఇంకా ఇయర్‌బడ్స్‌కి మిగులుతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. బోరు ఫెయిల్ కావడానికి రంగులే కారణం అని నేను అనడం లేదు. మా ఊళ్లో మ్యాప్ లేకుండా కూడా బోర్లు ఫెయిల్ అవుతూనే ఉంటాయి. కానీ పాయింట్ అక్కడే పెట్టడానికి కారణం మాత్రం నా మ్యాప్. ఆ మ్యాప్‌లో ఆ చార కనిపించడానికి కారణం నేల కాదు, నేను ఎంచుకున్న రంగులు. ఆ తేడా అర్థం కావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

చార ఎక్కడి నుంచి వచ్చింది?

మన కన్ను రంగు మారడం కంటే వెలుతురు మారడాన్ని బాగా పట్టుకుంటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో కూడా మనిషి ముఖం, చెట్టు ఆకారం స్పష్టంగా తెలిసేది అందుకే. డేటాకి వేసే రంగుల్లో విలువ పెరిగేకొద్దీ వెలుతురు ఒకే వైపు, ఒకే వేగంతో మారాలి. జెట్‌లో అలా మారదు. ముదురు నీలం చీకటిగా ఉంటుంది. లేత నీలం దగ్గర ఒక్కసారిగా వెలుతురు ఎగబాకుతుంది. పసుపు దగ్గర మళ్లీ మెరుస్తుంది. ఎరుపుకి వచ్చేసరికి మళ్లీ చీకటి. డేటా నున్నగా వాలు దిగుతున్నా, రంగుల్లో మాత్రం గట్లు, గీతలు కనిపిస్తాయి.

నా మ్యాప్‌లో జరిగింది ఇదే. ఆ చారకి ఒక పక్క నీటి లోతు సుమారు 570 అడుగులు, ఇంకో పక్క 640. మధ్యలో ఏ విశేషమూ లేదు, మెల్లగా పెరుగుతూ పోతోంది అంతే. ఆ పెరుగుదల 600 అడుగులు దాటేచోట జెట్‌కి లేత నీలం వచ్చింది. లేత నీలం కాబట్టి నీళ్లలా కనిపించింది. సన్నగా ఉంది కాబట్టి కాలువలా కనిపించింది. అదే డేటాకి వేరే రంగులు వేస్తే ఆ చోట ఏమీ కనిపించదు. నేను వేసి చూశాను. నిజంగానే ఏమీ లేదు.

రెండో తప్పు స్కేల్. 28 బోర్లలో 27 బోర్లు 310 నుంచి 680 అడుగుల మధ్యలో ఉన్నాయి. ఒక్కటి మాత్రం 1,150 అడుగులు. నేను కనిష్ఠం, గరిష్ఠం ఇవ్వలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ తనే 310 నుంచి 1,150 దాకా రంగులు పంచేసింది. ఫలితం ఏంటంటే ఎరుపు, నారింజ, పసుపు అన్నీ ఆ ఒక్క బోరుకే పోయాయి. మిగతా ఊరంతా నీలంలోనే ఉంది. 640 అడుగుల దగ్గరున్న మా చేను కూడా చల్లగా, హాయిగా కనిపించింది. "మనకాడ ఎరుపు లేదు లే," అని నాయన ధైర్యం చెప్పుకున్నాడు. అదే స్కేల్‌ని 300 నుంచి 700కి పెట్టి ఉంటే మా చేను ముదురు నారింజలో ఉండేది. డేటా ఒక్క అంకె కూడా మారదు. నిర్ణయం మాత్రం మారేది.

మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. నేను కొలిచింది 28 చోట్ల. రంగు వేసింది మ్యాప్ మొత్తానికి. మధ్య ఖాళీలన్నీ ఇంటర్‌పొలేషన్ నింపింది. మా చేనుకి అన్నిటికంటే దగ్గరి బోరు కూడా బాగా దూరమే. అయినా మా చేను మీద రంగు మిగతా చోట్ల ఎంత చిక్కగా ఉందో అంతే చిక్కగా ఉంది. తెలిసిన చోటుకీ, ఊహించిన చోటుకీ తేడా చూపించలేదు.

మా నేలలో ఈ ఊహ ఇంకా ప్రమాదం. కడప బేసిన్ రాళ్లలో ఒక పొరకి భూగర్భ శాస్త్రవేత్తలు మా ఊరి పేరే పెట్టారు: వేంపల్లె ఫార్మేషన్. వంద కోట్ల ఏళ్లు దాటిన డోలమైట్ రాయి అందులో ఎక్కువ. ఇలాంటి గట్టి రాయిలో నీళ్లు ఇసుకలో ఉన్నట్టు అంతటా పరుచుకుని ఉండవు. పగుళ్లలో, రాయి కరిగి ఏర్పడిన సందుల్లో ఉంటాయి. ఒక బోరులో మూడించులు పడితే, పక్క గట్టు దాటగానే దుమ్ము లేస్తుంది. అలాంటి చోట రెండు బోర్ల మధ్య నున్నటి రంగు పూయడం అంటే, రాయిని సాఫ్ట్‌వేర్‌తో కరిగించడమే.

ఇది నా ఒక్కడి తెలివితక్కువ కాదు

జెట్ సంగతి ప్రపంచానికి తెలియనిదేమీ కాదు. ఇంద్రధనుస్సు రంగులు హానికరం అని, ఇంకా వాడుతూనే ఉన్నారని డేవిడ్ బోర్లాండ్, రసెల్ టేలర్ 2007లోనే ఒక పేపర్ రాశారు. 2011లో హార్వర్డ్‌లో మిషెల్ బోర్కిన్ బృందం గుండె రక్తనాళాల బొమ్మల మీద ఒక స్టడీ చేసింది. వాడుకలో ఉన్న ఇంద్రధనుస్సు రంగుల బదులు కంటికి సరిపడే రంగులు వేస్తే, జబ్బున్న చోట్లను గుర్తించడంలో తప్పులు తగ్గాయి. అంటే ఇది అందం గొడవ కాదు. ఆ బొమ్మ చూసి ఎవరో ఒకరి గుండె గురించి నిర్ణయం తీసుకుంటారు.

టూల్స్ కూడా మారాయి. మ్యాట్‌ల్యాబ్ 2014లో జెట్‌ని డీఫాల్ట్ నుంచి తీసేసి పారులా తెచ్చింది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌లో విరిడిస్‌ని డీఫాల్ట్ చేసింది. దాన్ని డిజైన్ చేసింది నథానియెల్ స్మిత్, స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్. ముదురు ఊదాతో మొదలై ఆకుపచ్చ మీదుగా పసుపు దాకా, వెలుతురు ఒకే తీరుగా పెరుగుతూ పోతుంది. 2018లో సివిడిస్ వచ్చింది, రంగులు సరిగా కనిపించనివాళ్లకీ మామూలువాళ్లకీ దాదాపు ఒకేలా కనిపించేలా. 2019లో గూగుల్ ఇంజినీర్ ఆంటన్ మిఖైలోవ్ టర్బో విడుదల చేశాడు. ఇంద్రధనుస్సు కావాల్సిందే అనేవాళ్ల కోసం జెట్‌లోని దొంగ గీతల్ని తగ్గించి చేసిన వెర్షన్ అది.

మరి నేనెందుకు జెట్ వాడాను? డీఫాల్ట్ విరిడిస్ వస్తే, "ఇదేంటి డల్‌గా ఉంది" అని నేనే చేత్తో మార్చాను. నాయనకు చూపించాలి కదా, కలర్‌ఫుల్‌గా ఉండాలి కదా అని. కస్టమైజ్ చేయడం అంటే నాకు అప్పట్లో అర్థం అదే: ఇంకొంచెం మెరిపించడం.

చిన్నాయన చెప్పింది వినలేదు

మ్యాప్ చూపించిన రోజు చిన్నాయన కూడా పక్కనే కూర్చున్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆ 1,150 అడుగుల బోరు చుట్టూ ఉన్న రింగుల్ని చూసి, "ఇవన్నీ ఒకటే రంగు గదరా, ఇన్ని గీతలెందుకు గీస్తివి?" అన్నాడు. మేం నవ్వాం. ఆయనకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని ఇంట్లో అందరికీ తెలుసు. టమోటా పండిందో లేదో ఆయన చేత్తో నొక్కి చెప్తాడు. అది మా ఇంట్లో పాత జోక్.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ జోక్ మా మీదే. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రింగులు ఆయనకు ఒక్క ముద్దగా కనిపించాయి. "ఇక్కడ ఒక్క బోరే స్కేల్‌ని లాగేస్తోంది" అనే ముఖ్యమైన విషయం ఉన్నది సరిగ్గా ఆ రింగుల్లోనే. ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియకపోవడం ఎక్స్ క్రోమోజోమ్‌తో వస్తుంది కాబట్టి మగవాళ్లలోనే ఎక్కువ. యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఉంటుందని లెక్క. మన దేశంలో కొంచెం తక్కువ, కానీ ప్రతి ఊళ్లో, ప్రతి ఆఫీసులో ఉంటారు. చాలామందికి తమకుందని కూడా తెలియదు. మీరు చేసే యాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలతోనే అంతా చెప్పేస్తే, వాళ్లకు మీరు ఏమీ చెప్పనట్టే.

వాన మ్యాప్‌లో పసుపు అంటే ఏంటి?

పబ్లిక్ మ్యాప్‌ల సంగతి చూద్దాం. భారత వాతావరణ శాఖ దేశాన్ని 36 సబ్‌డివిజన్లుగా చేసి వాన లెక్కలు ఇస్తుంది. రాయలసీమ అందులో ఒకటి. మామూలు కంటే 20 నుంచి 59 శాతం తక్కువ పడితే లోటు, 60 శాతం పైన తక్కువైతే భారీ లోటు. ఆ మ్యాప్‌లో లోటుకి వాడే రంగు ఎరుపు. భారీ లోటుకి వాడేది పసుపు. అంటే పరిస్థితి ఘోరంగా ఉన్న చోటు, కాస్త తక్కువగా ఉన్న చోటు కంటే లేత రంగులో కనిపిస్తుంది. అదే శాఖ ఇచ్చే హెచ్చరికల్లో వరస వేరు: ఆకుపచ్చ, పసుపు, ఆరెంజ్, రెడ్. అక్కడ పసుపు అంటే జాగ్రత్తగా గమనిస్తూ ఉండండి అని మాత్రమే.

రెండిటికీ పక్కన లెజెండ్ ఉంటుంది, చదివితే తెలుస్తుంది. నిజమే. కానీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేసరికి లెజెండ్ క్రాప్ అయిపోతుంది. ఐదించుల స్క్రీన్ మీద ఉన్నా చదవలేం. మిగిలేది రంగు ఒక్కటే. సీమ రైతు ఆ మ్యాప్ చూస్తే, పక్క ప్రాంతం ఎర్రగా, తన ప్రాంతం పసుపుగా ఉంటే ఏమనుకుంటాడు? మనమే కాస్త మేలు అనుకుంటాడు. లోటు పెరిగేకొద్దీ రంగు ముదరాలి, అంతే. ఈ చిన్న మార్పుకి కొత్త శాటిలైట్ అక్కర్లేదు.

స్కేల్ గురించి ఇంకో మంచి ఉదాహరణ ఆస్ట్రేలియాది. 2013 జనవరి వడగాడ్పుల్లో అక్కడి వాతావరణ సంస్థ ఉష్ణోగ్రత మ్యాప్ స్కేల్‌ని 50 డిగ్రీల నుంచి 54 డిగ్రీలకి పెంచి, పైన కొత్తగా ఊదా, మెజెంటా రంగులు చేర్చింది. పాత రంగుల్ని సాగదీయలేదు. నిన్న 40కి ఉన్న రంగు ఈరోజూ 40కే ఉంది. కొత్త తీవ్రతకి కొత్త రంగు. నా మ్యాప్‌లో ఆ 1,150 బోరుకి నేను చేయాల్సింది కూడా ఇదే. 700 దాకా ఒక స్కేల్ పెట్టి, పైన ఉన్నదానికి విడిగా ఒక రంగు ఇచ్చి ఉంటే సరిపోయేది.

అయితే అందరం విరిడిస్ వాడేద్దామా?

ఇక్కడ నాకు టెక్ ట్విట్టర్ వాళ్లతో చిన్న పేచీ ఉంది. వాళ్లలో చాలామంది "జెట్ చెడ్డది, విరిడిస్ మంచిది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒక డీఫాల్ట్ తీసేసి ఇంకో డీఫాల్ట్ పెట్టుకోవడం ఆలోచించడం కాదు.

విరిడిస్‌లో ఎక్కువ విలువకి పసుపు వస్తుంది. నీటి లోతుకి అలాగే వేస్తే, లోతైన చోటు వెలుగుతూ కనిపిస్తుంది. మా నాయనకి బావి అంటే లోతు పెరిగేకొద్దీ చీకటి. ఆయన కంటికి అది తలకిందులు. రివర్స్ చేయాలి, లేదా లేత నీలం నుంచి ముదురు నీలం దాకా ఒకే రంగులో వెళ్లాలి. మధ్యలో మామూలు అనే విలువ ఉండి, అటూ ఇటూ తేడా చూపించాలంటే, అంటే వాన ఎక్కువా తక్కువా లాంటిదైతే, రెండు వైపులా విడిపోయే రంగులు కావాలి. మధ్యలో తెలుపు, ఒక పక్క నీలం, ఒక పక్క గోధుమ. ఆ తెలుపు సరిగ్గా సున్నా దగ్గరే ఉండేలా నార్మలైజేషన్ సెట్ చేయాలి. లేకపోతే మామూలు వాన కూడా కరువులా కనిపిస్తుంది.

ఇంద్రధనుస్సుకి కూడా చోటుంది. రాడార్ మ్యాప్ రోజూ చూసేవాళ్లకి ఏ రంగు ఎంత వానో నోటికి వచ్చేసి ఉంటుంది. వాళ్లు రంగుని అంకెలా చదువుతారు. వాళ్ల దగ్గర్నించి అది లాక్కోమని నేననను. కానీ అరుగు మీద కూర్చుని మొదటిసారి చూసే మనిషికి చూపించేటప్పుడు లెక్క వేరు.

ఫోన్ పాత్ర కూడా ఉంది

చెప్పానుగా, ఫోన్ దగ్గరికే వస్తానని. మ్యాప్ ఎంత జాగ్రత్తగా గీసినా చివరికి కనిపించేది ఫోన్ స్క్రీన్ మీదే. వివిడ్ మోడ్ రంగుల్ని సాగదీస్తుంది. నా లేత నీలం చార ల్యాప్‌టాప్‌లో కంటే ఫోన్‌లో రెట్టింపు మెరిసింది. రాత్రి నైట్ లైట్ ఆన్ అయితే నీలాలన్నీ చచ్చిపోయి మ్యాప్ మొత్తం పసుపెక్కుతుంది. మధ్యాహ్నం చేనులో ఎండకి ముదురు రంగులన్నీ నల్లగా ఒకటైపోతాయి. కాబట్టి మ్యాప్ చూసి నిర్ణయం తీసుకునే పని ఉంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో న్యాచురల్ మోడ్ పెట్టండి, నైట్ లైట్ ఆపండి.

ఇంకోటి, రివ్యూలు చేసే మిత్రులకి. గేమింగ్ టెస్ట్ తర్వాత థర్మల్ కెమెరా ఫొటో పెడతారు, ఫోన్ ఎర్రగా మండిపోతూ ఉంటుంది. చాలా థర్మల్ కెమెరాల్లో ఆటో రేంజ్ ఉంటుంది. ఫ్రేమ్‌లో ఉన్న వేడి చోటు ఎంతైనా దానికే ఎరుపు ఇచ్చేస్తుంది. 38 డిగ్రీల ఫోనూ ఎరుపే, 47 డిగ్రీల ఫోనూ ఎరుపే. రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు స్కేల్ లాక్ చేయకపోతే, ఆ పోలికకి అర్థం లేదు. మా నాయన 640 అడుగుల్ని నీలంగా చూసి మోసపోయినట్టే, మీ రీడర్ 38 డిగ్రీల్ని ఎర్రగా చూసి మంచి ఫోన్ వదిలేస్తాడు.

చెక్ చేసుకోవడానికి చిట్కా కూడా ఫోన్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో సిమ్యులేట్ కలర్ స్పేస్ అని ఉంటుంది. మోనోక్రోమసీ పెట్టి మీ మ్యాప్ చూడండి. నలుపు తెలుపులో కూడా ఎక్కువ ఎక్కడ, తక్కువ ఎక్కడ అని తెలిస్తే మీ రంగులు పాస్. అక్కడే ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకి ఎలా కనిపిస్తుందో కూడా చూడొచ్చు. నేను నా మొదటి మ్యాప్‌ని అలా చూశాను. ముదురు నీలం, ముదురు ఎరుపు రెండూ ఒకేలాంటి బూడిద రంగులోకి మారాయి. 310 అడుగులూ, 1,150 అడుగులూ ఒకటే! మ్యాప్ గీసేటప్పుడు పది సెకన్లు ఈ పని చేసి ఉంటే చాలు.

ఇప్పుడు నేను పాటించేవి

ఒకటి, రంగు ఎంచుకునే ముందు ప్రశ్న రాసుకుంటాను. ఎక్కువా తక్కువా అనా, మామూలుకి అటా ఇటా అనా, వేర్వేరు రకాలా? ప్రశ్నని బట్టి రంగు.

రెండు, కనిష్ఠం, గరిష్ఠం నేనే ఇస్తాను. ఎందుకు ఆ అంకెలో చెప్పగలగాలి. పోల్చాల్సిన మ్యాప్‌లన్నిటికీ అవే అంకెలు.

మూడు, నా డేటా ఎంత కచ్చితమో అన్ని మెట్లే వేస్తాను. రైతులు లోతు గుర్తు చేసుకుని చెప్పారు, ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. అలాంటి డేటాకి 256 రంగుల నున్నటి మెరుపు వేయడం అబద్ధం. వంద అడుగులకొక మెట్టు చాలు. కేంద్ర భూగర్భ జల బోర్డు కూడా నీటి మట్టం మ్యాప్‌ల్లో 2, 5, 10, 20, 40 మీటర్ల దగ్గర మెట్లు పెడుతుంది.

నాలుగు, త్రీడీ సర్ఫేస్‌లో ఎత్తూ, రంగూ రెండూ ఒకే విషయం చెప్తుంటే రంగు వృథా. ఎత్తుతో నీటి లోతు చెప్పి, రంగుతో ఇంకోటి చెప్పొచ్చు: ఎన్ని ఇంచుల నీళ్లు, లేదా దగ్గరి బోరు ఎంత దూరం. మ్యాట్‌ల్యాబ్‌లోనూ, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ సర్ఫేస్‌కి రంగుల్ని విడిగా ఇచ్చే వీలుంది. అయినా నిర్ణయానికి మాత్రం ఫ్లాట్ మ్యాపే చూపిస్తాను. త్రీడీలో కొండ వెనక ఏముందో కనిపించదు.

ఐదు, కొలిచిన చోట్లను చుక్కలుగా తప్పకుండా చూపిస్తాను. 1701లో ఎడ్మండ్ హేలీ అట్లాంటిక్ సముద్రం మీద దిక్సూచి ఎంత పక్కకు తిరుగుతుందో గీతలతో మ్యాప్ వేసినప్పుడు, తన ఓడ వెళ్లిన దారిని కూడా అందులో గీశాడు. ఎక్కడ కొలిచాడో, ఎక్కడ ఊహించాడో చూసేవాళ్లకి తెలిసేలా. మూడు వందల ఏళ్ల తర్వాత, చేతిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, నేను ఆ పని చేయలేదు.

రెండో మ్యాప్

పోయిన నెల ఊరికెళ్లినప్పుడు అదే 28 బోర్లకి మా ఫెయిలైన బోరు కూడా కలిపి మళ్లీ మ్యాప్ గీశాను. ఒకే నీలం, లోతు పెరిగేకొద్దీ ముదురు. వంద అడుగులకొక మెట్టు. ప్రతి బోరూ ఒక చుక్క, ఎన్ని ఇంచులు పడితే అంత పెద్ద చుక్క. నీళ్లు పడని బోరుకి ఇంటూ గుర్తు. ఏ బోరుకీ రెండు వందల మీటర్ల లోపల లేని నేలంతా బూడిద రంగు.

చూడ్డానికి ఏమీ బాగాలేదు. సగం పైన బూడిదే. మా చేనులో ఒక ఇంటూ గుర్తు, దాన్నుంచి దూరం జరిగితే అంతా బూడిద. చిన్నాయనకి ఇచ్చాను ముందు. వేలితో చూపిస్తూ ఏది లోతు, ఏది కాదో ఒక్కటీ తప్పు పోకుండా చెప్పాడు. తర్వాత నాయన తీసుకున్నాడు. ఆ రోజు లాగే చాలాసేపు చూశాడు. బోరు డబ్బు సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

"ఈ బూడిద రంగు యేందిరా?"

"ఆడ ఏముందో మనకు తెలీదు నాయనా."

"తెలీదని చెప్పేదానికి గూడా రంగుంటాదా?"

ఉంటుంది. డీఫాల్ట్‌లో రాదు, మనమే పెట్టాలి. ఈసారి బోరు వేసే ముందు మెషీన్ సర్వే చేయించి, ఆ బూడిదలో ఇంకో పది చుక్కలు పెట్టాలని అనుకున్నాం. అంతవరకు ఉన్న నీళ్లనే డ్రిప్‌తో చీనీ చెట్లకి సర్దుతున్నాడు నాయన. మ్యాప్ ఆయన ఫోన్‌లోనే ఉంది. న్యాచురల్ మోడ్ పెట్టి వచ్చాను.